కణుపుకొక మాట

ఆ రోజు బండిలో నావి నాలుగు పోయాయి: సంచి, అందులోని రెండు చొక్కాలు, కళ్లజోడు. అలసిపోయి ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూములో కూలబడ్డాను. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పక్కనున్నావిడ చేతిలోని కాగితం చూపించింది.

"అన్నయ్యా, ఈ ఇంగ్లీషు మాటలు ఒప్పజెప్తాను, వింటారేటి? రేపు నా పాఠం సూసి బళ్లో ఉద్యోగం తేలుస్తారు."

శరత్కాలపు అడవి గురించి పన్నెండు మాటలు. మేపుల్, ఏకార్న్, మష్రూమ్, అలా చదివి వినిపించింది.

"ఈ కాలంలో ఆకులు రాలతాయని రాసినారు. దసరా పూజలప్పుడు మన సాల్ చెట్ల అడవి పచ్చగానే ఉంటాది కదా. పిల్లలడిగితే ఏటి సెప్పను?"

"ఆ చలి దేశాల్లో ఇప్పుడు రాలతాయి, మనకి ఫాల్గుణంలో అని సెప్పమ్మా," అన్నాను.

కళ్లజోడు లేక కాగితం చదవలేను. అందుకని నా లెక్క నేర్పాను: నాలుగు వేళ్లకు మూడేసి కణుపులు, కణుపుకొక మాట. ఎనిమిదో మాట దగ్గర రెండుసార్లు ఆగి, మళ్లీ మొదటికి వెళ్లింది. తొమ్మిదోది చెప్పేసరికి ఆమె బండి వచ్చింది.

"మిగతావి బండిలో సూసుకుంటాను," అంటూ రెండో చేత్తో సంచి లాక్కుని, బొటనవేలు తొమ్మిదో కణుపు మీదనుంచి తీయకుండానే పరుగెత్తింది.

ఉద్యోగం వచ్చిందో లేదో తెలియదు. ఆమె నాకింకా మూడు మాటలు ఒప్పజెప్పాలి.