ఏడ్చిన వీపు

ఆ సీరియల్ స్టూడియోలో ఆవిడ పని బట్టలు కుట్టడం. అందరూ టైలరమ్మ అనేవాళ్ళు. మిషను ముందు కూర్చుందంటే ఇల్లూ వాకిలీ మర్చిపోయే రకం. ఆవిడ కెమెరా జోలికి ఎన్నడూ పోలేదు. కెమెరాయే ఆవిడ జోలికొచ్చింది.

ఒక మధ్యాహ్నం తల్లి వేషం వేసే నటి జ్వరమొచ్చి ఇంటికెళ్ళిపోయింది. ఆవిడ ముఖం కనబడే షాట్లన్నీ అప్పటికే తీసేశారు. ఒక్కటే మిగిలింది. తల్లి భుజం మీదుగా కొడుకు ముఖం చూపించాలి. తల్లి వీపూ, తల వెనకభాగమూ తప్ప ఇంకేం పడవు. తల పట్టుకుని కూర్చున్న డైరెక్టరు, కుట్టుపనిలో ఉన్న టైలరమ్మను వెనకనుంచి చూసి దిగ్గున లేచాడు.

"అమ్మా, అలాగే ఉండండి! అచ్చం ఆవిడ వీపే!"

"నా వీపు నేనే ఎప్పుడూ చూళ్ళేదు బాబూ," అంది టైలరమ్మ.

నెరిసిన విగ్గు పెట్టి, శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా కొడుకు వేషంలో హీరో నిలబడ్డాడు. కెమెరాలో అతను ఛాతీ నుంచి పైకే కనబడతాడు. అందుకని పైన కోటూ టై బిగించి, ఉక్కపోత తట్టుకోలేక కింద పసుపు బాతుల బొమ్మలున్న నిక్కరు వేసుకున్నాడు. ఆ బాతులు టైలరమ్మకి సరిగ్గా కళ్ళెదుటే ఉన్నాయి.

"నన్ను క్షమించవా అమ్మా!" అని హీరో బావురుమన్నాడు. మోకాళ్ళు వణికాయి. బాతులు ఊగాయి.

టైలరమ్మ పెదవి కొరుక్కుంది, ఊపిరి బిగబట్టింది. అబ్బే, లాభం లేదు. నోరైతే కట్టేసుకుంది గానీ భుజాలు మాట వినలేదు, గడగడా కదిలిపోయాయి. ఉన్న ఉద్యోగం ఊడిందనుకుంది.

"కట్!" అంటూ డైరెక్టరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "ఎంత ఏడుపు ఏడ్చారమ్మా! ముఖం చూపించకుండానే!"

నిజం చెప్పబోయి, అతని వాలకం చూసి ఊరుకుంది.

ఆ సీను టీవీలో వచ్చిన రోజు టైలరమ్మ అత్తగారు కదలకుండా కూర్చుంది. సీరియలంటే ఆవిడకి ప్రాణం.

"అత్తయ్యా, ఆ వీపు నాదే."

"నోరు ముయ్యవే, ఏడుస్తున్నాను, కనబడ్డం లేదూ!"

సీను అయ్యాక కోడలు బాతుల సంగతి చెప్పింది. అత్తగారు మూతి ముడుచుకుని గోడవైపు తిరిగింది. కాసేపటికి ఆవిడ భుజాలు కూడా కదలడం మొదలెట్టాయి.

"అమ్మ ఏడుస్తోందా, నవ్వుతోందా?" అని టైలరమ్మ మొగుడు కంగారుపడ్డాడు.

"ఇటువైపొచ్చి చూడరా!" అంది అత్తగారు, పొట్ట పట్టుకుని.

అప్పట్నుంచి వీపు కావాలంటే టైలరమ్మకే కబురు. ఒకసారి డైరెక్టరు, "ఈసారి ముఖం కూడా చూపిద్దామమ్మా, పక్కింటావిడ వేషం," అన్నాడు.

"వద్దు బాబూ. ముఖమంటే రంగులు పూస్తారు, గంటలకొద్దీ కూర్చోబెడతారు. నాకవతల బోలెడు గుండీలున్నాయి," అనేసి, మిషను తొక్కుతూ కూనిరాగం అందుకుంది.