హగరి బావిలోకి దిగిన మనిషి

1987 జనవరి, బళ్లారి. బజారులో ఒక నూనె వ్యాపారి మేడ మీది హాలు. హాజరైనవాళ్లు: పట్టణంలోని సేవా క్లబ్బు సభ్యులు పాతికమంది, వారిలో పత్తి వర్తకులు, ఒక కంటి డాక్టరు, లారీల యజమాని నాగిరెడ్డి. నేను తెచ్చినవి: బకెట్టు ఇసుక, రెండు వైపులా తెరిచి ఉన్న ప్లాస్టిక్ పైపు ముక్క, ఒక చెంచా, మూడు డ్రాయింగులు. హగరి ఏటి మీద, మోక ఊరికి కొంత ఎగువన కడుతున్న పెద్ద వంతెనకు నేను జూనియర్ ఇంజినీరును. దాని గురించి క్లబ్బు వారికి చెప్పి రమ్మని మా పైఅధికారి పంపారు.

ఇసుక ఏటిలో వంతెన స్తంభాలకు వెల్ ఫౌండేషన్ వేస్తారు. బావి ఒరలాంటి కాంక్రీటు గోడ కట్టి, లోపలి ఇసుక తోడేస్తూ పోతే, అది తన బరువుకు తానే దిగుతుంది. అడుగున ఉండే ఇనుప అంచు పేరు కటింగ్ ఎడ్జ్. పైపును బకెట్లో గుచ్చి, చెంచాతో ఇసుక తీసి చూపించాను. దిగేటప్పుడు బావి ఒక పక్కకు వాలితే దాన్ని టిల్ట్ అంటాం. మా ఐదో బావి అంచు కింద బండ తగిలి వాలింది. అదీ చెప్పి, ప్రశ్నలు అడగమన్నాను.

నాగిరెడ్డి లేచాడు. ఆయనది ఏటి అవతలి గట్టు ఊరు.

"పైపు బాగుండాదప్పా. ఆ బావిలోకి మనిషిని దించినారే, ఆయప్ప యాడ?"

"ఏ మనిషండీ?"

"ఇత్తడి బుర్ర తగిలించి దించినారంట గదా. మా ఊరోళ్లు గట్టున నిలబడి చూసినారు. దిగింది చూసినారు, ఎక్కింది చూడలా. బావి మీద ఎర్రగా ఉండాదంట."

నూనె వ్యాపారి నవ్వాడు. "సుమ్నిరప్పా, ఊరుకో నాగిరెడ్డీ! ఈ కాలంలో బలి ఏంది?"

"నేను నమ్మితినా? మాయమ్మ నమ్మింది. ఏరు ఇంకొకరిని అడుగుతాండాదంట, ఇసుకలో కాలు పెట్టనంటాది. చుట్టుదారిలో లారీ పంపుతానంటే, అది వంతెనోళ్ల లారీయేమో అంటాండారు ఊరంతా."

సంగతి డాక్టరు విడమరిచి చెప్పారు. ఆదివారం మోకలో క్లబ్బు వారి కంటి శిబిరం. అవతలి గట్టువాళ్లు ఎండిన ఏటి ఇసుక దాటి రావాలి. ఆపరేషన్లు చేసే సర్జను ఏడాదికి ఒక్కసారి వస్తారు. నాగిరెడ్డి తల్లి నరసమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఈసారి తప్పితే చూపు దక్కుతుందన్న నమ్మకం తనకు లేదన్నారు.

జరిగింది ఇది. బావిలో నీళ్లు ఊరుతాయి కాబట్టి, అంచు కింది బండ తీయడానికి కాకినాడ వైపు నుంచి అప్పారావు అనే డైవరును, నీళ్లలో మునిగి పనిచేసే మనిషిని, పిలిపించాం. పని మొదలుపెట్టే ముందు మేస్త్రీలు గుమ్మడికాయ కొట్టి కుంకుమ నీళ్లు పోశారు. అప్పారావు ఇత్తడి హెల్మెట్ తగిలించుకుని, ఆ ఊరి గట్టు వైపు నుంచి తాడుతో దిగాడు. నిచ్చెన బావికి ఆవలి పక్క ఉండడంతో అటు ఎక్కి భోజనానికి వెళ్లిపోయాడు. గట్టున ఉన్నవాళ్లకు అది కనిపించదు.

"అయితే ఆయప్పను మాయమ్మకు చూపించు" అన్నాడు నాగిరెడ్డి. వెంటనే తనే నాలుక కరుచుకున్నాడు. "ఏం చూస్తాదిలే!"

శుక్రవారం పొద్దున అవతలి గట్టు దగ్గరికి అప్పారావును తీసుకెళ్లాను. నరసమ్మను మంచం మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఊరు ఊరంతా ఉంది. ఆమె అతని చెయ్యి పట్టుకుని వేళ్లన్నీ తడిమింది.

"ఏం తిన్న్యావు నాయనా?"

"ఏం తింటానండీ మామ్మగారూ! మీ జొన్నరొట్టె నమిలేసరికి దవడలు పడిపోతన్నాయండి. పప్పులో కారం చూస్తే కళ్లమ్మట నీళ్లండి."

నరసమ్మ పకపకా నవ్వింది. "దయ్యమయితే రొట్టెకు వంక పెట్టదులే. మడిసే."

అయినా ఆమె అక్కడితో ఆగలేదు. "మళ్లీ దిగు. పైకొచ్చేది నాకు తెలియాల."

డైవరు నడుముకు లైఫ్‌లైన్ అనే తాడు కడతాం. ఒక లాగు అంటే క్షేమం, మూడు అంటే పైకి తీయమని అర్థమని ఆమెకూ చెప్పాను. బావి గట్టుకు దగ్గరే కాబట్టి తాడు చివర ఆమె దాకా అందింది. మా మనిషి మధ్యలో పట్టుకున్నాడు. అప్పారావు మునిగాడు. ఆమె చేతిలోని తాడుకు ఒక లాగు వచ్చింది.

"ఉండాడు" అంది గట్టిగా. తర్వాత మూడు లాగులు వచ్చేసరికి "తీయండ్రా, తీయండ్రా" అని మా వాళ్లకే ఆర్డరు వేసింది.

బావి ఎలా దిగుతుందో చెప్పడానికి పైపు, ఇసుక సిద్ధం చేసుకుని హాలుకు వెళ్లాను. మనిషి ఎలా పైకి వస్తాడో చెప్పాలని నాకు తట్టలేదు. కాలేజీలో మాకు లోడ్లు లెక్కగట్టడం నేర్పారు. గట్టున నిలబడి చూసేవాళ్లు కూడా పనిలో భాగమేనని ఐదో బావి దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ బావికైనా నిచ్చెన ఊరికి కనబడే వైపే వేయించాను.

ఆదివారం శిబిరానికి అవతలి గట్టున పేర్లిచ్చినవాళ్లు యాభై ఒక్కరు. నరసమ్మతో కలిపి ఇసుక దాటి వచ్చినవాళ్లు నలభై ఏడుగురు. నలుగురు రాలేదు.