ఆపా ఫోన్‌లో శభాష్

ఇరవై రెండేళ్ళు పిల్లలకి మార్కులు వేసినదాన్ని. నాకు మార్కులు వేసేవాళ్ళు ఒకరుంటారని, వాళ్ళ దగ్గర నేను వారం వారం తప్పుతానని కలలో కూడా అనుకోలేదు. బీపీ వచ్చిన ఏడాది ఆ ముచ్చటా తీరింది.

అప్పుడు మేము బోయిగూడలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయనకి రైల్వేలో ఉద్యోగం, నాకు దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో టీచరు పని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చాలా ఏళ్ళయినా మా ఇంట్లో వంట మాత్రం ఊరు దాటలేదు. కింద వాటాలో ఆపా ఉండేది. నల్గొండ దగ్గర నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. భర్త పోయాక జాకెట్లు కుట్టి కొడుకుని పెంచింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. గల్లీ అంతా ఆవిడని ఆపా, అంటే అక్కా, అనే పిలిచేది, నేనూ అంతే. ఆవిడ నన్ను టీచరమ్మా అనేది, అని వెంటనే నువ్వు అనేసేది. మొదట్లో ఆ నువ్వుకి ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైంది.

ఊరంతా సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ అంటూ ఊగిపోతున్న రోజులవి. ఆపా కొడుకు కాల్ సెంటర్ వాళ్ళ కారు నడిపేవాడు. రాత్రంతా తిరిగి తెల్లారి వచ్చి పడుకునేవాడు. తల్లికి ఒక ఫోన్ కొనిచ్చాడు గానీ దాన్ని ఎలా వాడాలో చెప్పే తీరిక వాడికి లేదు. కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. అలా ఆ ఫోన్ నా చేతిలో పడింది.

బన్సీలాల్‌పేట్ వైపు ఒక చిన్న ధర్మాసుపత్రిలో మా ఇద్దరికీ బీపీ మందులు ఇచ్చేవారు. అక్కడి డాక్టరుకి తెలిసిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళెవరో ఒక ఏర్పాటు చేసిపెట్టారు. బీపీ ఉన్నవాళ్ళ ఫోన్లకి రోజూ పొద్దున్నే ఒక మెసేజ్ వచ్చేది. ఉప్పు తగ్గించారా, నడిచారా, మాత్ర వేసుకున్నారా అని. అవునంటే ఒకటి, కాదంటే రెండు నొక్కి పంపాలి. శనివారం వెళ్తే సిస్టరు బీపీ చూసి పుస్తకంలో రాసుకునేది. ఎంతుందమ్మా అని అడిగితే, రేపు మెసేజ్‌లో వస్తుంది, ముందు జరగండి అనేది. ఆదివారం పొద్దున ఫలితం వచ్చేది. తగ్గితే, శభాష్, మీ బీపీ తగ్గింది, ఇలాగే కొనసాగించండి అని. తగ్గకపోతే, ఇంకొంచెం ప్రయత్నించండి అని.

ఆ ఫోన్లలో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చేవి. ఆపాకి ఉర్దూ వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదివేది, ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ తెలియదు. అందుకని రోజూ పొద్దున ఫోన్ కొంగులో పెట్టుకుని మెట్లెక్కి వచ్చేది. నేను చదివి, ఆవిడ చెప్పిన జవాబు నొక్కేదాన్ని. నిజం చెప్పొద్దూ, అది నాకు భలే బాగుండేది. స్కూల్లో పిల్లలు ఎటూ వినరు, ఇంట్లో మా ఆయన అసలే వినడు. నేను చదువుతుంటే కళ్ళార్పకుండా వినే మనిషి ఆపా ఒక్కతే.

మొదటి ఆదివారం ఆపాకి శభాష్ వచ్చింది. నాకు ఇంకొంచెం ప్రయత్నించండి అని వచ్చింది. పోనీలే, మొదటి వారమే కదా అనుకున్నాను. రెండో ఆదివారం కూడా అంతే. మూడో ఆదివారం కూడా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను రోజూ మోండా మార్కెట్ దాకా నడిచి వెళ్ళి, కూరల సంచీ మోసుకుని నడిచే వచ్చేదాన్ని. మాత్ర ఏ రోజూ మానలేదు. కూరలో ఉప్పు సగానికి సగం తగ్గించాను, మా ఆయన చప్పిడి తిండి అని గోల పెడుతున్నా సరే. మరి ఈవిడ చేసేదేమిటి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను ముందు కూర్చునేది, సాయంకాలపు అసర్ నమాజ్ అయ్యాక గల్లీలో నాలుగు చుట్లు తిరిగేది. దానికి శభాషా?

పైగా ఆ శభాష్ నా నోటితో నేనే చదవాలి. చదివాక ఆవిడ మొహం చూడాలి. నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మళ్ళొకసారి చదువు టీచరమ్మా అనేది. మళ్ళీ చదివేదాన్ని. నీకేమొచ్చింది అని మాత్రం ఏనాడూ అడగలేదు. నా మొహం చూస్తే తెలిసేదేమో. అలా అడగకపోవడం కూడా నాకు కడుపుమంటే.

ఒక రోజు మా ఆయన దగ్గర వెళ్ళగక్కాను. ఆయన పేపరు దించకుండా, కంప్యూటర్‌కి నువ్వెవరో ఆవిడెవరో తెలుసా, దానికి నీ మీద పగేమిటి అన్నాడు. ఆ మాటతో ఇంకా మండింది. పగ లేనివాళ్ళు పరీక్ష తప్పించడమే ఎక్కువ అవమానం. అది ఆయనకి అర్థం కాదు.

ఆరో ఆదివారమో ఏడోదో గుర్తులేదు. ఆపా ఫోన్ ఇచ్చింది. మళ్ళీ శభాష్. నేను తెరని చూస్తూ ఒక్క క్షణం ఆగాను. తర్వాత నా గొంతు దాని పని అది చేసుకుపోయింది.

"ఇంకొంచెం ప్రయత్నించండి."

ఆవిడ నవ్వు సగంలో ఆగింది. ఏందీ, నాకు గిట్ల వచ్చిందా అంది. వచ్చింది అన్నాను. ఆవిడ ఫోన్ తీసుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళింది. నాకు ఆ రోజు అన్నం బాగా సహించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ జరిగింది అదే. ఆవకాయ కలుపుకుని, పక్కన వేయించిన ఎండు మెత్తళ్ళ చేపలు పెట్టుకుని కడుపునిండా తిన్నాను.

తర్వాతి ఆదివారం కూడా శభాషే వచ్చింది. నేనూ మళ్ళీ అదే అబద్ధం చదివాను. ఈసారి ఆపా వెంటనే కిందికి వెళ్ళలేదు. మెట్ల మీద కాసేపు కూర్చుంది. బాగా పరేషాన్‌గా ఉందంది, కోడలు పిల్లతో వచ్చేసరికి తను మంచం పడితే ఎట్లా అని భయపడింది. చంటిపిల్లకి నీళ్ళు పోసేవాళ్ళెవరు అంది. అప్పుడైనా చెప్పేయాల్సింది. చెప్పలేదు. వచ్చే వారం నిజం చదివేద్దాం, దానంతట అదే సర్దుకుంటుంది అనుకున్నాను.

ఆ వారం మధ్యలో ఒక పొద్దున. స్కూలుకి సెలవు. నేను పప్పు ఏరుకుంటూ కూర్చున్నాను. కింద మిషను చప్పుడు మా ఇంటికి గడియారం లాంటిది, అది ఆడుతుంటే పట్టించుకోం. ఉన్నట్టుండి ఆగిపోయింది. దారం తెగిందేమో అనుకున్నాను. ఏదో పడిన చప్పుడు వినిపించింది. కిందికి పరుగెత్తాను. ఆపా మిషను పక్కన నేల మీద పడి ఉంది. ఒళ్ళంతా చెమటలు, చేతులు చల్లగా ఉన్నాయి. లోపల గదిలో నిద్రపోతున్న కొడుకుని కేకేసి లేపాను. ఇద్దరం ఆటోలో ఎక్కించాం. ఆవిడ ఫోన్ నా చేతిలోనే ఉండిపోయింది.

ఆ ధర్మాసుపత్రిలోనే మంచం కాళ్ళ వైపు ఎత్తు పెట్టారు, సెలైన్ ఎక్కించారు. కాసేపటికి కళ్ళు తెరిచింది. బీపీ బాగా పడిపోయిందని చెప్పి, రోజుకి మాత్రలు ఎన్ని వేసుకుంటున్నావని డాక్టరు అడిగాడు. రెండు అంది ఆపా. ఒకటి కదా రాసింది, రెండెందుకు వేసుకున్నావని గట్టిగా అడిగాడు.

"నువ్వే గద సార్, ఇంక ప్రయత్నించమని మెసేజ్ పంపినవు. నడక సుత పెంచిన. ఇంకేం చెయ్యాల్నో తెల్వక రెండు ఏస్కున్న."

సిస్టరు పుస్తకం తిప్పి చూసింది. ఈమెకి అలాంటి మెసేజ్ వెళ్ళదు సార్, రెండు నెలలుగా తగ్గుతూనే ఉంది అంది. ఫోనేదీ అని చెయ్యి చాపింది. ఫోన్ నా చేతిలో ఉంది. ఆ చెయ్యి చాచకపోయుంటే నేను ఆ రోజు నోరు విప్పేదాన్ని కాదేమో. ఆ మాట ఇప్పటికీ నాకు నేనే చెప్పుకుంటుంటాను.

"ఆపా, నీకు వచ్చింది శభాషే. రెండుసార్లూ శభాషే. నేనే అబద్ధం చదివాను. నాకు రావట్లేదని ఓర్వలేకపోయాను."

కొడుకు నా వైపు చూసిన చూపుకి తల కొట్టేసినట్టయింది. వాడు ఏదో అనబోయాడు. ఆపా చెయ్యెత్తి ఆపింది. నా వైపు చూడలేదు, సెలైన్ సీసా వైపు చూస్తూనే మాట్లాడింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"నాకు శానా కోపమొస్తుంది టీచరమ్మా. గని ఒకటి అడుగుత. నువ్వు రోజు ఆవకాయ తింటవు, ఎండుచాపలు తింటవు. వాసన మా ఇంట్లకి వస్తది. అండ్ల ఉప్పు నీకు లెక్కల లేదా?"

కూరలో ఉప్పు తగ్గించి, రోజూ పొద్దున ధైర్యంగా ఒకటి నొక్కిన దాన్ని. మా ఇళ్ళలో ఊరగాయని ఎవరూ ఉప్పు కింద లెక్కెయ్యరు. కూర ఉప్పే ఉప్పు. జాడీలో ఉన్నది అన్నంలోకి ఆధరువు, అంతే. చల్ల మిరపకాయలూ అప్పడాలూ అంతే. ఇన్ని వారాలూ కంప్యూటర్ నా మీద కక్ష కట్టిందని ఏడ్చాను.

ఆపా ఇంటికొచ్చింది గానీ మెట్లెక్కి పైకి రావడం మానేసింది. పొద్దున్నే నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. మిషను చప్పుడు వినిపించేది, మనిషి రాదు. కోడలు చంటిపిల్లతో వచ్చింది. ఇక ఆ కోడలే చదివిపెడుతుందిలే అనుకుని ఆ అమ్మాయి మీద కూడా కుళ్ళుకున్నాను. నా బుద్ధి అంత త్వరగా మారేది కాదు. ఆవకాయ జాడీ మాత్రం అటక మీద పెట్టించాను. మా ఆయన నాలుగు రోజులు మొహం మాడ్చుకున్నాడు.

ఒక ఆదివారం నా ఫోన్ మోగింది. శభాష్, మీ బీపీ తగ్గింది, ఇలాగే కొనసాగించండి. నాలుగుసార్లు చదువుకున్నాను. మా ఆయనకి చూపిస్తే ఊఁ అన్నాడు. నాకు అది సరిపోలేదు. కిందికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు, వెళ్ళకుండా ఉండలేకపోయాను.

ఆపా గడప మీద కూర్చుని బొత్తాలు కుడుతోంది. నేను ఫోన్ చాపాను. చదివి వినిపించమంటుందేమో అనుకున్నాను. ఆవిడ సూది పక్కన పెట్టి ఫోన్ తీసుకుంది. కళ్ళజోడు సర్దుకుంది. తెర మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగుతూ, పెదవులు కదుపుతూ, చాలా సేపు చదివింది.

"శ... భాష్. శభాష్ వచ్చింది నీకు టీచరమ్మా."

ఎవరు నేర్పారని అడిగాను. కోడలు నేర్పిందని చెప్పింది. నెల రోజులు పట్టిందట, పిల్ల పడుకున్నాక రోజూ కాసేపు పలక మీద దిద్దించిందట. ఇంక ఎవర్నీ అడిగే తక్లీఫ్ లేదు అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. జరిగింది చెప్పింది, అంతే.

నా ఫోన్ నా చేతికిచ్చి మళ్ళీ సూది అందుకుంది. నేను మెట్లెక్కి పైకి వచ్చాను. రెండు నెలలు ఆవిడ రోజూ నా ఎదురుగా కూర్చుంది. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ ఏబీసీడీలు నేర్పినదాన్ని, ఒక్క రోజంటే ఒక్క రోజు కూడా ఆవిడకి ఆ అక్షరాలు నేర్పుదామని నాకు తోచలేదు.