గోంగూర మడి తరఫున మూడో అభ్యర్థి

"నువ్వు నిలబడకపోతే నేను గెలిచేదాన్ని వదినా."

"గెలిచే యోగమే ఉంటే నేను నిలబడ్డా గెలిచేదానివి సుభద్రా."

"ఒక్క ఓటు. ఒక్కటంటే ఒక్క ఓటుతో పోయాను. నీకు మూడొచ్చాయి. ఆ మూడూ ఎవరివి?"

"నాకొచ్చినవి నావి. నీవెలా అవుతాయి?"

సెంగ్‌కాంగ్‌లో, అంటే ఈ పరాయిదేశంలో మేముండే పేటలో, మా బ్లాకు పక్కన కార్లు పెట్టుకునే ఆరంతస్తుల మేడ ఉంది. దాని నెత్తిన ఉన్న తోటలో, ముసలీముతకా అంతా చూస్తుండగా మేమిద్దరం అనుకున్న మాటలివి. రెండేళ్ళ కిందటి సంగతి. అప్పటికి నాకు అరవై తొమ్మిదే, కుర్రతనం. సుభద్ర సొరపందిరినీ, నలుగురి వంకాయ మళ్ళనీ, నా సొంత గోంగూర మడినీ ఒక్క దెబ్బతో పార కిందికి ఎలా తెచ్చానో చెబుతాను. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, లెక్క తప్పితే మీరే దిద్దుకోండి.

అప్పటిదాకా తోటకి పెద్దగా ఉన్నాయన పాసిర్ రిస్‌కి ఇల్లు మారాడు. ఆ కుర్చీకి ఇద్దరు పోటీపడ్డారు. ఒకరు టాన్ అంకుల్. ఉద్యోగం అయిపోయిన చీనా పెద్దమనిషి, పూలంటే ప్రాణం పెడతాడు. ఆయన గెలిస్తే కూరగాయలన్నీ పీకేసి తోటంతా పూలే వేయిస్తాడు, బ్లాకుల పోటీలో బహుమతి కొట్టాలని. రెండోది మా పక్క ఫ్లాటు సుభద్ర, రాజమండ్రి మనిషి. కూరగాయలవాళ్ళం అందరం ఆవిడ వెనకే. నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

ఒక్క షరతు పెట్టాను. "పైపుతో నీళ్ళు పారబొయ్యడం మాన్పించు సుభద్రా. మగ్గుతో పొయ్యాలి. ఎవరింట్లో బియ్యం కడిగిన నీళ్ళు వాళ్ళు తెచ్చుకోవాలి."

"లిఫ్టులో ఇరవై మంది కుడితి బకెట్లు మోసుకొస్తే తోటనుకుంటారా, గేదెల కొట్టమనుకుంటారా వదినా?"

చూశారా, నా బియ్యం కడుగును కుడితి అంది. ఆ సాయంత్రమే వెళ్ళి మూడో పేరు నాది రాయించాను.

మా కోడలు స్వాతి బ్యాంకులో పనిచేస్తుంది, లెక్క తెలిసిన పిల్ల. "అత్తయ్యా, కూరగాయల ఓట్లు చీలిపోతాయి. మీరిద్దరూ చెరిసగం పంచుకుంటే టాన్ అంకుల్ మధ్యలోంచి దూరిపోతారు. పిల్లుల తగువులో రొట్టె కోతికి పోయినట్టు" అంది.

"కోతి తింటుందని పిల్లి ఆకలి చంపుకోవాలా?" అన్నాను. ఇప్పుడు తలుచుకున్నా జవాబు బాగానే ఉంది. బుద్ధే బాగాలేదు.

నెల రోజుల ప్రచారం. టాన్ అంకుల్ గడపగడపకీ ఒక ఆర్కిడ్ కొమ్మ ఇచ్చాడు. సుభద్ర పెసరట్లు పంచింది. నేను ఖర్చులేని వస్తువు పంచాను: సలహాలు. కుళాయి కట్టెయ్యండి, లైటు తీసెయ్యండి అంటూ పదిహేను అంతస్తులూ తిరిగాను. కొందరు నన్ను చూసి నిజంగానే లైటు తీసేసి, ఇంట్లో లేనట్టు కూర్చున్నారు. ఈ తిరుగుడులో నా గోంగూర మడి మొహం చూసిన పాపాన పోలేదు. అటుపక్కింటి రోకియా ఆంటీయే మొక్కలకి నీళ్ళు పోసింది. ఇంట్లో రోజూ వండే గోంగూర నెలపాటు లేదు. స్వాతి ఒళ్ళు చేసింది కూడా.

ఓట్ల రోజున చీటీలు నేనే కోశాను, పాత క్యాలెండరు వెనకవైపు. కొత్త కాగితం దండగ. వాటిని వెయ్యడానికి ఖాళీ బిస్కెట్ల డబ్బా పెట్టారు. తీరా చీటీ చేతికొచ్చాక ధర్మసందేహం పట్టుకుంది. పంక్తిలో తన విస్తట్లో తనే వడ్డించుకునేవాళ్ళని మా అమ్మ మనుషుల్లో లెక్కవేసేది కాదు. అలాంటిది నా పేరు నేనే రాసుకుంటే ఏం బాగుంటుంది? కుడితి మాట ఇంకా మండుతూనే ఉంది గాని, మర్యాద మర్యాదే. సుభద్ర పేరు రాసి డబ్బాలో పడేశాను.

టాన్ అంకుల్‌కి తొమ్మిది. సుభద్రకి ఎనిమిది. నాకు మూడు.

"రేపు పొద్దున ఏడింటికి తవ్వకం, లా" అన్నాడు టాన్ అంకుల్, ఇక్కడివాళ్ళు ప్రతి మాటకీ తగిలించే తోక తగిలించి, పాపం మెత్తగానే. తరవాత మొదలైంది మీరు పైన విన్న తగువు. ఓట్లు చీల్చిన మనిషినని బ్లాకంతా నా వంక చూసింది, నీళ్ళ ట్యాంకులో పడ్డ పిల్లిని చూసినట్టు.

నేను ఊరుకునే రకం కాదు. ఆ సాయంత్రమే నా మూడు ఓట్ల కూపీ లాగాను.

మొదటిది రోకియా ఆంటీది. "సుభద్ర సొరపందిరి నీడంతా అన్నంలో వాసనకి నేను వేసుకున్న పాండాన్ మొక్కల మీదే. నువ్వు లేకపోతే పూలాయనకే వేసేదాన్ని" అంది.

రెండోది కింది అంతస్తు మణి అంకుల్‌ది. "నువ్వొచ్చి తలుపు బాదితే లేచి వచ్చాను. లేకపోతే ఎవరికీ వేసేవాణ్ణి కాదు, పడుకునేవాణ్ణి" అన్నాడాయన.

ఆ రెండూ పట్టుకుని, కోర్టులో గెలిచిన ప్లీడరులా సుభద్ర గుమ్మం ముందు నిలబడ్డాను. "విన్నావా, ఈ రెండూ ఎలాగూ నీకు పడేవి కావు. ఇక మూడోది ఎవరిదో తేలిస్తే నా మీద నింద పోతుంది."

సుభద్ర ఇనప గేటు తీసి తల దించుకుంది. "మూడోది నాది వదినా."

"నీదంటే?"

"నేనే వేశాను. నీకు ఒక్కటీ రాకపోతే అందరిలో చిన్నబోతావని. అయినా నా పేరు నేనే రాసుకుంటే ఏం బాగుంటుంది?"

ప్లీడరు గొంతు తగ్గించాను. ఇది మా స్వాతి నమ్మదు గాని, నిజం. "నా ఓటు నీకే వేశానే పిచ్చిదానా" అన్నాను.

ఇద్దరం గుమ్మంలోనే కూలబడ్డాం.

"టాన్ అంకుల్ ఎవరికి వేసుంటాడంటావు?" అంది సుభద్ర.

"తనకే. వేసుకున్నవాడికి వేసుకున్నంత మహదేవా."

అంటే, అంత ప్రచారం చేసి నేను సుభద్ర దగ్గర చీల్చిన ఓటు ఒక్కటే. అది సుభద్రదే.

మర్నాడు ఏడింటికి ఇద్దరం పైకెళ్ళాం, తవ్వేలోపు నాలుగాకులైనా కోసుకుందామని. టాన్ అంకుల్ పార నేలకి ఆనించి నా మడి ముందు నిలబడి ఉన్నాడు. నెల రోజులు కొయ్యని గోంగూర నడుమెత్తు పెరిగి, కొమ్మకొమ్మకీ పూసింది. లేత పసుపు రేకలు, మధ్యలో ముదురెరుపు.

"ఆంటీ, ఇంత మంచి పువ్వుందని చెప్పనేలేదు."

"నేనెప్పుడు పూయనిచ్చాను అంకుల్, చెప్పడానికి."

సుభద్ర చటుక్కున పందిరి కింద దూరి సొరపువ్వు పట్టుకుని చూపించింది. ఆ వెనకే వంకాయ మడిలో ఊదాపువ్వు. ఆయన అన్నీ వంగి వంగి చూశాడు. "పూసేది ఏదైనా ఉంటుంది" అని పార గోడకి ఆనించాడు. ఆ పూటకి పువ్వు లేనిది తోటకూర ఒక్కటే. అది వాళ్ళు పీకేదాకా ఎందుకని నేనే పీకి సంచిలో వేసుకున్నాను.

అక్కడే, ఆ గోంగూర పువ్వుల సాక్షిగా, సుభద్ర చేత కూడా చెయ్యి పెట్టించి ఒట్టేశాను: ఈ జన్మలో మళ్ళీ ఏ ఎన్నికలో నిలబడినా, ఎంత స్నేహమున్నా, ఎంత మర్యాద అడ్డొచ్చినా, నా ఓటు పరాయివాళ్ళ విస్తట్లో వడ్డించను.

పువ్వుల జోలికి పోకుండా కింది ఆకు మాత్రం కోసుకుని ఇంటికొచ్చాను. స్వాతి సంచిలోకి తొంగిచూసింది.

"అయితే ఎన్నికలు అయిపోయాయన్నమాట" అని, నిట్టూర్చి, పచ్చడికి ఎండుమిరపకాయలు తీసింది.