గీకేసిన నాలుగు చుక్కలు

తాండూరులో ఫొటో తీయడం కష్టం కాదు, దాన్ని ఆరబెట్టడమే కష్టం. బండల గనుల దుమ్ము తలుపులు మూసినా ఆగేది కాదు. తడి నెగెటివ్ మీద వాలి అంటుకుపోయేది. నెగెటివ్‌లో నల్లగా కనిపించే ఆ నలుసు కాగితం మీదికొచ్చేసరికి తెల్ల చుక్కయ్యేది. పెళ్లికూతురి బుగ్గ మీద తెల్ల చుక్క పడితే ఇంకేమైనా ఉందా? అందుకని నెగెటివ్‌ను వెలుతురుకు ఎదురుగా వాలుబల్ల మీద పెట్టి, సన్నటి కత్తితో ఆ నలుసుల్ని గీకేసేవాళ్లం. అరవైల మొదట్లో, బజారులోని ఒక ఫొటో దుకాణంలో ఆ పని నాది.

"మన దుకాణంలకెళ్లి పోయే ఫొటో మీద గింతంత చుక్క గూడ ఉండొద్దు" అని యజమాని రోజూ అనేవాడు. ఆయన అనకపోయినా నేను ఉంచేవాణ్ణి కాదు. నా చెయ్యి మంచిదని బజారంతా చెప్పుకునేది. అది విని విని నాకు తలకెక్కింది కూడా.

నాకంటే ఆరేళ్లు పెద్దదైన అక్క వికారాబాదులో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. టీబీ వచ్చి కొండ మీది ఆస్పత్రిలో చేరి అప్పటికి రెండేళ్లు. ఊరికే కూర్చునే మనిషి కాదు గనక, వరండా ముందు బంతిమొక్కల మీదికి వచ్చే స్కిప్పర్లను చూడటం మొదలుపెట్టింది. స్కిప్పరంటే బొటనవేలి గోరంత ఉండే మట్టిరంగు సీతాకోకచిలుక. సాఫీగా ఎగరదు, గెంతుతుంది.

"గివి గూడ సీతాకోకచిలుకలేనా అక్కా? ఈగల లెక్కున్నయి" అని ఏడిపించేవాణ్ణి.

"రంగు జూసి మురిసేటోనికి గివి కానరావు తమ్మీ. చుక్కలు జూడాలె" అనేది.

వాటిలో అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే రకాలున్నాయట. రెక్కలు మూసుకుని కూర్చున్నప్పుడు వెనక రెక్క మీది తెల్ల చుక్కలు ఒకే గీత మీద ఉంటే ఒక రకం, వంకరటింకరగా ఉంటే మరొకటి. హైదరాబాదులో ఒక కాలేజీ లెక్చరర్ మన వైపు సీతాకోకచిలుకల జాబితా తయారుచేస్తున్నాడని తెలిసి అక్క ఉత్తరం రాసింది. ఫొటో పంపితే చూసి ఏ రకమో చెబుతానని, సరైనదైతే ఆమె పేరుతో జాబితాలో చేరుస్తానని ఆయన జవాబిచ్చాడు. బడి పోయింది, ఒంట్లో బలం పోయింది. ఆ జాబితాలో ఒక్క వరస తనదై ఉండాలని అక్క ఆశ. ఆ జవాబును దిండు కింద పెట్టుకుని పడుకునేది.

దుకాణంలో మూలపడిన పాత కెమెరా అడిగి తీసుకెళ్లి ఇచ్చాను. అక్క దాని ముందు భూతద్దం కట్టింది. చలికాలం పొద్దున, ఎండెక్కక ముందు, స్కిప్పర్లు చలికి కదలకుండా ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టి తీసేది. ఆమెకు ఊపిరి బిగబట్టడమంటే మాటలు కాదు. తర్వాత చాలాసేపు దగ్గేది. రీలంతా అయ్యాక, తాను చూసిన చుక్కల లెక్క రాసి, ఆ కాగితం మడిచి రీలుతో పాటు నాకిచ్చింది. ఆలస్యమెందుకు, ఫొటో కాగానే దాన్ని నేరుగా హైదరాబాదు లెక్చరర్‌కు నన్నే పోస్టు చేయమంది.

రీలు నేనే కడిగాను. పన్నెండింటిలో ఒక్కటే కుదిరింది. ఆ నెగెటివ్ బల్ల మీద పెట్టగానే రెక్క మీద నాలుగు నల్ల నలుసులు కనిపించాయి. చుక్కల గురించి అక్క నాకు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో! కానీ బల్ల ముందు కూర్చుంటే నాకు చుక్కంటే దుమ్మే. అక్క ఫొటో కదా అని మామూలు కంటే శ్రద్ధగా, కత్తి తగిలిన జాడ కూడా తెలియకుండా నాలుగింటినీ గీకేశాను. యజమాని చూసి భుజం తట్టాడు. మడిచిన కాగితాన్ని విప్పి చూడకుండానే ఫొటోతో కలిపి పోస్టు చేశాను.

కొన్నాళ్లకు, ఒక ఆదివారం ప్యాసింజరు దిగి కొండెక్కి వెళ్తే, అక్క లెక్చరర్ ఉత్తరం నా చేతికిచ్చింది. ఆయన మర్యాదగానే రాశాడు. మీ లెక్కలో నాలుగు చుక్కలున్నాయి, ఫొటోలో రెక్క నున్నగా ఉంది, జబ్బు వల్ల చూపు పొరబడి ఉంటుంది, విశ్రాంతి తీసుకోండి అని. ఫొటో వెనక్కి పంపాడు. దాన్ని చూడగానే, ఆ రోజు నేను గీకేసింది దుమ్ము కాదని తెలిసింది.

"జరంల కనిపించినయేమో తమ్మీ. లేని చుక్కలు లెక్కవెట్టిన" అంది అక్క. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

అప్పుడే చెప్పాల్సింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో మూరెడు దూరంలో, బంతిపువ్వు మీద ఒక స్కిప్పర్ వాలి రెక్కలు మూసుకుంది.

"దానికెన్ని చుక్కలున్నయో జర నువ్వు జూసి చెప్పు. నీ కండ్లు మంచిగున్నయి గద" అంది.

నాలుగున్నాయి. తెల్లగా, ఒకే గీత మీద. నాలుగంటే మరి ఫొటోలో ఎందుకు లేవని అడుగుతుంది. బజారంతా మెచ్చుకునే నా చెయ్యి ఏం చేసిందో చెప్పాలి. సిగ్గేసింది, భయమేసింది.

"ఏం లేవక్కా" అన్నాను. "సాఫ్ ఉన్నది."

అక్క కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

"నాకైతే ఇంకా నాలుగు కనిపిస్తున్నయి" అని మెల్లగా అని, మంచం మీదికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. ఆ ఆదివారం పై ఆదివారమైంది. అక్క కెమెరా తిరిగిచ్చేసింది, వరండాలో కూర్చోవడం మానేసింది. వానలు పడ్డాక పోయింది.

ఆమె సామాన్లు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు నర్సమ్మ ఒక సంగతి చెప్పింది. అంతకుముందు అక్క తన జ్వరం తానే చూసుకుని రాసుకునేదట. చివరి నెలల్లో మాత్రం నోట్లోంచి థర్మామీటరు తీసి చూడకుండానే నర్సమ్మకు ఇచ్చేసేదట. "నువ్వే జూడమ్మా, నా కండ్లు అబద్ధం చెప్తున్నయి" అనేదట.

నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నర్సమ్మకు కూడా నిజం చెప్పలేదు.