లేచి నిలబడ్డ వార్డెనమ్మ

గుణదలలో మా లేడీస్ హాస్టల్ వార్డెనమ్మ, స్కూటీ మీద వెళ్ళే ప్రతి అమ్మాయికీ హెల్మెట్ బకిల్ తన చేత్తోనే బిగించి, లాగి చూసిగాని గేటు దాటనిచ్చేది కాదు. మాకది చాదస్తంగా ఉండేది.

రోడ్డు మీద బైకు పందేల సినిమాకి రెండో భాగం వచ్చింది. మాతోపాటు ఆవిడ కూడా వస్తాననేసరికి ఆశ్చర్యపోయాం. పందెం మొదలవగానే హీరో హెల్మెట్ తీసి జనంలోకి విసిరేశాడు. హాలంతా ఈలలు. ఆవిడ లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా, కనపడట్లేదు!" అని వెనక నుంచి అరిచారు.

"వాణ్ణి హెల్మెట్ పెట్టుకోమనండి, కూర్చుంటా."

నవ్వారు. కాగితం ఉండలు విసిరారు. ఆవిడ కదల్లేదు. మేనేజరు టార్చిలైటుతో వచ్చి, "పెద్దవారు, మర్యాదగా కూర్చోలేరా అండీ?" అన్నాడు. విసిరినవాళ్ళను మాత్రం ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ మేనేజరు వైపు తిరిగింది.

"మొదటి భాగం చూసొచ్చి బైపాస్ మీద పందెం వేశాడండీ నా కొడుకు. ఇప్పుడు మీరన్నట్టే ఇంట్లో మర్యాదగా కూర్చునే ఉన్నాడు. లేవలేడు."

మేనేజరు టార్చి ఆర్పేసి వెళ్ళిపోయాడు. వెనక అరుపులు ఆగలేదు. మా వరసలో అమ్మాయిలందరం లేచి ఆవిడ పక్కన నిలబడ్డాం.