బావ లారీకి టార్పాలిన్

కడపలో మా బావకు ప్లాస్టిక్ బొమ్మ బండ్లు అతికించడం పిచ్చి. ఒక ఏడాది, ప్రపంచం నాశనమైనాక తిరిగే లారీ అంటూ ఒక కిట్ తెప్పించుకున్నాడు. ముక్కలు అతికించి రంగు వేసేవాడు, మళ్లీ ఆ రంగే గీకేవాడు. తుప్పు మరకలు పెట్టేవాడు, సూది కాల్చి తూటా రంధ్రాలు పొడిచేవాడు. ఎంత చేసినా, "ఇంగా పాడుగావాల" అనేవాడు.

నేను అక్కను చూడ్డానికి పోయిన రోజున, లారీ మీద కప్పే టార్పాలిన్ కోసం బావ ఆమె పెట్టె తెరిచి చీర కత్తిరించినాడు. ఒంటిమిట్ట దగ్గర మా ఊళ్లో మా నాయన నేసిన ఆఖరి చీర అది. దాన్ని మగ్గం మీంచి దించి మంచం పట్టిన మనిషి మళ్లీ లేవలేదు. అక్క ఆ చీర ఒక్కసారి కూడా కట్టలేదు.

"ఇంట్లో వేరే గుడ్డే లేదా?" అంది అక్క, తెగిన కొంగు పట్టుకుని.

"శానా ఉండాయి. ఇంత సన్న నేత యాడుండాది? మీ నాయన చేతిలో పనితనం ఉన్నిందిమే." బావ నిజంగా మెచ్చుకుంటూనే అన్నాడు.

"ఆ ముక్కన్నా ఇయ్యి, కుట్టుకుంటా."

బావ ఆ ముక్కను లారీ మీద కప్పి, లారీని అక్క చేతిలో పెట్టినాడు. లారీని అక్క చేతిలో పెట్టినాడు.

"గట్టిగా పట్టుకో. చెయ్యి వణికించాకు."